డాబా మీద పట్టిన వాన నీళ్లతో వాతావరణ మార్పు తెలుస్తుందా?

ప్రశ్న ఇది: "ఎమ్మెస్సీ జియాలజీ మొదటి ఏడాది చదువుతున్నాను. విశాఖలో, ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా డాబా మీద వాన నీళ్లు పట్టి ఆక్సిజన్ ఐసోటోపులు కొలిపిస్తే మన ఊరి వాతావరణం మారుతోందో లేదో చెప్పగలనా? వానలో ఆక్సిజన్-18 పెరిగితే వేడి పెరిగినట్టేనని చదివాను, నిజమేనా?"

అమ్మా, ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం. అది తేలితే మొదటిదానికి జవాబు సగం దొరికినట్టే. మీరు చదివింది తప్పు కాదు. కానీ అది గ్రీన్‌లాండ్‌కు, అంటార్కిటికాకు, ఉత్తర యూరప్‌కు సరిపోయే మాట. విశాఖపట్నం వానకు ఆ మాట పట్టుకుని లెక్క వేస్తే దారి తప్పుతారు. నేను ఈ ఊళ్లోనే ఏళ్ల తరబడి వాన నీళ్లు పట్టి, కొలిపించి, లెక్కలు కట్టినవాణ్ని. మొదట్లో నేనూ ఆ పొరపాటే చేశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నీటిలో ఉండే ఆక్సిజన్ దాదాపు అంతా 16 బరువుది. పది లక్షల పరమాణువుల్లో సుమారు రెండు వేలు మాత్రం 18 బరువువి. ఒకే మూలకంలో ఇలా బరువు తేడా ఉన్న పరమాణువులనే ఐసోటోపులంటారు. ఇవి రేడియోధార్మికమైనవి కావు, ఎన్నేళ్లు గడిచినా అలాగే ఉంటాయి. బరువైన నీటి అణువు ఆవిరి కావడానికి కాస్త వెనకాడుతుంది. అదే ఆవిరి మళ్లీ నీరయ్యేటప్పుడు మాత్రం ముందుగా దిగిపోతుంది. ఈ చిన్న తేడా మీదే ఈ శాస్త్రమంతా నిలబడింది. ప్రామాణిక సముద్రపు నీటిని సున్నా అనుకుని, అక్కడి నుంచి ఎంత తేడా ఉందో వెయ్యికి ఇంత అని చెబుతారు. దాన్నే పర్ మిల్ అంటారు. వాన నీరు మైనస్ 5 ఉందంటే, అందులో ఆక్సిజన్-18 సముద్రపు నీటికంటే వెయ్యికి ఐదు పాళ్లు తక్కువగా ఉందని అర్థం.

ఇప్పుడు మన బంగాళాఖాతం మీంచి లేచిన ఆవిరిని ఊహించుకోండి. వెచ్చటి సముద్రం మీది ఆవిరి సుమారు మైనస్ 10, మైనస్ 11 దగ్గర ఉంటుంది. అందులోంచి పడే తొలి చినుకుల్లోకి బరువైన అణువులు ఎక్కువగా దిగుతాయి కాబట్టి ఆ వాన మైనస్ 1, మైనస్ 2 దగ్గర ఉంటుంది. బరువైనవి దిగిపోయాక మబ్బులో మిగిలిన ఆవిరి మరింత తేలికవుతుంది, అంటే అందులో ఆక్సిజన్-18 ఇంకా తగ్గుతుంది. ఆ ఆవిరిలో సగం కురిసిపోయిందనుకుని లెక్క కడితే, మిగిలిన ఆవిరి మైనస్ 17 దాటుతుంది. ఆ దశలో పడే వాన మైనస్ 8 దగ్గరికి వస్తుంది. సముద్రం అదే, వేడి కూడా దాదాపు అంతే. మారింది ఒక్కటే: మీ డాబా చేరేలోపు ఆ ఆవిరి ఎంత కురిసి వచ్చిందన్నది.

మరి వేడి మాట ఎక్కడి నుంచి వచ్చింది? డెన్మార్క్ శాస్త్రవేత్త విలీ డాన్స్‌గార్డ్ 1952 జూన్‌లో కోపెన్‌హాగన్‌లో తన ఇంటి తోటలో ఒక బీరు సీసా మీద గరాటు పెట్టి వాన నీరు పట్టాడు. మీ డాబా ఆలోచన చిన్నదేమీ కాదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను. 1964లో ఆయన ప్రపంచమంతటి వాన నీటి లెక్కలు చేర్చి ఒక పెద్ద వ్యాసం రాశాడు. అందులో రెండు విషయాలు తేల్చాడు. చల్లటి ప్రాంతాల్లో ఏడాది సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే వానలో, మంచులో ఆక్సిజన్-18 దాదాపు 0.69 పర్ మిల్ మారుతుంది. ఉష్ణమండలంలో అయితే ఆ సంబంధం కనపడదు. అక్కడ వాన ఎంత ఎక్కువ పడితే ఆ వాన అంత తేలికగా ఉంటుంది. మొదటి విషయం గ్రీన్‌లాండ్ మంచు పొరల చరిత్ర చదవడానికి తాళంచెవి అయింది, అందుకే అన్ని పుస్తకాల్లోకీ ఎక్కింది. మనకు పనికొచ్చే రెండో విషయం చాలా పుస్తకాల్లో ఒక పేరాతో సరిపెట్టేస్తారు.

ఆ 0.69ను మన ఊరికి పెట్టి చూడండి. మేలో సాయంత్రం పూట పడే ఉరుముల వాన మైనస్ 2 ఉందనుకుందాం. అక్టోబరులో వాయుగుండం వాన మైనస్ 9 ఉందనుకుందాం. మన తీరంలో ఇలాంటి తేడా వింతేమీ కాదు. ఏడు పర్ మిల్ తేడాను వేడి లెక్కన చెప్పాలంటే మేకీ అక్టోబరుకీ మధ్య విశాఖ పది డిగ్రీలు చల్లబడాలి. నిజానికి సగటున తగ్గేది మూడు నాలుగు డిగ్రీలే. పైగా మే వాన బరువుగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. చిన్న చినుకులు పొడి గాలిలోంచి దిగుతూ దారిలోనే కొంత ఆవిరైపోతాయి. తేలిక అణువులు ముందు ఎగిరిపోతాయి, బరువైనవి చినుకులో మిగులుతాయి. కాబట్టి మీ సీసాలో ఆక్సిజన్-18 పెరిగిందంటే వేడి పెరిగిందని కాదు. వాన తక్కువ పడి ఉండొచ్చు, చినుకు దారిలో ఎండి ఉండొచ్చు, ఆవిరి దగ్గరి సముద్రం నుంచే వచ్చి ఉండొచ్చు.

ఇక అక్టోబరు సంగతి. విశాఖలో అన్ని నెలల్లోకీ ఎక్కువ వాన పడేది అక్టోబరులోనే. నైరుతి వెళ్లిపోతూ, ఈశాన్యం వస్తూ, మధ్యలో అల్పపీడనాలూ తుఫాన్లూ. దక్షిణ భారతంలో కొలిచిన చాలాచోట్ల ఈ కాలపు వాన జూన్, జూలై వానకంటే తేలికగా కనిపిస్తుంది. దీనికి రెండు కారణాలు చెబుతారు. ఒకటి, వర్షాకాలం చివరికి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిపోసిన మంచినీరు బంగాళాఖాతం పైపొరలో పరుచుకుని ఉంటుంది. నది నీరంటే వాన నీరే, అది తేలికైనది. కాబట్టి సముద్రమే కాస్త తేలికవుతుంది, దాన్నుంచి లేచే ఆవిరీ తేలికవుతుంది. రెండు, ఆ కాలపు మబ్బులు విడివిడిగా ఉండవు. వందల కిలోమీటర్ల మేర గుంపులుగా లేచి, దారంతా కురుస్తూ వస్తాయి.

మొదటి కారణం గురించి ఒక ముచ్చట చెప్పాలి. వర్షాకాలం తర్వాత ఆ మంచినీరు మన తీరాన్ని ఒరుసుకుంటూ ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. తూర్పు తీరం పొడవునా మత్స్యకారులు క్రమం తప్పకుండా పట్టి ఇచ్చిన సముద్రపు నీటి నమూనాల్లో ఉప్పదనం కొలిచి ఈ సంగతిని స్పష్టంగా చూపించారు. 2014లో అచ్చయిన ఆ పరిశోధనలో దీన్ని సముద్రంలో నది అన్నారు. పెద్ద ఓడలు అవసరం లేకుండా, రోజూ వేటకు వెళ్లే మనుషులు సీసాలు నింపి తెచ్చిస్తే వచ్చిన ఫలితం అది. నాకు ఆ పని మీద చాలా గౌరవం.

అయినా రెండు కారణాల్లో పెద్దది రెండోదేనని నా అభిప్రాయం. లెక్క వేసి చూడండి. నది నీరు మైనస్ 7 అనుకుందాం. సముద్రపు పైపొరలో ఐదో వంతు నది నీరు కలిసినా ఆ నీరు మైనస్ 1.4 దగ్గర ఆగుతుంది. ఐదో వంతు కలవడమంటే మామూలు సంగతి కాదు, ఉప్పదనం 34 నుంచి 27కు పడిపోవాలి. అంత జరిగినా వచ్చే తేడా ఒకటిన్నర పర్ మిల్ లోపే. మనం వెతుకుతున్నది ఆరేడు పర్ మిల్. మిగతాదంతా మబ్బులు చేసిన పనే. కేరళలో వానల మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనం కూడా ఇదే దిక్కున చెప్పింది. కొలిచిన చోట ఆ రోజు ఎంత వాన పడిందన్నదానికంటే, చుట్టూ విశాలమైన ప్రాంతంలో మబ్బుల గుంపు ఎంత బలంగా ఉందన్నదానితోనే ఆక్సిజన్-18కు దగ్గరి సంబంధం కనిపించింది.

తుఫాను వాన దీనికి పరాకాష్ఠ. తుఫాను తన చుట్టూ ఉన్న ఆవిరిని మళ్లీ మళ్లీ కురిపించి మళ్లీ లాక్కుంటుంది. ఆ చుట్టలోపల పడే వాన మైనస్ 10 కంటే కిందికి దిగడం అరుదేమీ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా మన ఊరి మీదే తీరం దాటింది. ముందురోజు నుంచే నేను గంట గంటకూ సీసా మారుస్తున్నాను. తుఫాను దగ్గరపడేకొద్దీ విలువలు ఎలా దిగుతాయో, కన్ను ఊరి మీదకు వచ్చినప్పుడు ఏమవుతుందో పట్టుకోవాలని ఆశ. ఉదయానికి గాలి పెరిగి గరాటూ, వానమాపకం, నింపిపెట్టిన సీసాల పెట్టే అన్నీ డాబా మీంచి కొట్టుకుపోయాయి. ఊరంతా చెట్లు కూలి, రోజుల తరబడి కరెంటు లేక, జనం అవస్థ పడుతుంటే సీసాల గురించి బాధపడటం నాకే సిగ్గనిపించింది. కానీ ఆ నీళ్లు పోయిన వెలితి నాకిప్పటికీ తీరలేదు. అందుకే చెబుతున్నాను: నింపిన సీసాను నింపినట్టే ఇంట్లోకి తీసుకుపోండి. గరాటును సిమెంటు దిమ్మకు ఇనుప పట్టీతో బిగించండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. డాబా మీద మూడేళ్లో ఐదేళ్లో నీళ్లు పట్టి విశాఖ వాతావరణం మారిందని చెప్పలేరు. ఒక ఏడాది రెండు తుఫాన్లు వస్తే ఆ ఏడాది సగటు కిందికి దిగుతుంది, మరుసటి ఏడాది ఒక్కటీ రాకపోతే పైకి లేస్తుంది. ఆ ఊగిసలాట వెనకున్న నెమ్మది మార్పు బయటపడాలంటే కనీసం ముప్ఫై ఏళ్ల వరుస కావాలి. వాతావరణ సగటుకు ప్రపంచ వాతావరణ సంస్థ వాడే లెక్క కూడా ముప్ఫై ఏళ్లే. ఆ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి 1960ల మొదట్లోనే ప్రపంచమంతటా వాన నీళ్లు పట్టడం మొదలుపెట్టాయి. మన దేశం నుంచి అందులో ఢిల్లీకి పొడవైన వరుస ఉంది. తర్వాత అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ ముందుండి, దేశంలోని అనేక చోట్ల వాన, నది, భూగర్భ జలాలు సేకరించే జాతీయ కార్యక్రమం నడిపింది.

అయితే ఈ కొలతలు వాతావరణ మార్పుకు పనికిరావని అనుకోవద్దు. వాటి ఉపయోగం వేరే చోట ఉంది. నా దృష్టిలో అసలు విలువంతా అక్కడే ఉంది.

వేడెక్కిన గాలి ఒక్కో డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. 1950 నుంచి 2015 వరకు లెక్కలు చూస్తే మధ్య భారతంలో విస్తారంగా పడే అతి భారీ వానలు మూడింతలయ్యాయని 2017లో ఒక అధ్యయనం చూపించింది. ఆ వాన ఎంత పడిందో వానమాపకం చెబుతుంది. ఆ ఆవిరి ఎక్కడిది, దారిలో ఎంత కురిసింది, నేల మీంచి మళ్లీ లేచిన తేమ అందులో ఎంత కలిసింది? వీటికి వానమాపకం దగ్గర జవాబు ఉండదు, ఐసోటోపుల దగ్గర ఉంటుంది. కంప్యూటర్ వాతావరణ నమూనాల్లో ఇప్పుడు కొన్ని ఈ బరువైన నీటిని కూడా లెక్కిస్తాయి. ఒక నమూనా విశాఖలో అక్టోబరు వాన మొత్తాన్ని సరిగ్గా చెప్పి, ఐసోటోపుల్ని తప్పు చెప్పిందంటే, అది సరైన జవాబును తప్పుడు దారిలో రాబట్టిందని అర్థం. అలాంటి నమూనా 2080 గురించి చెప్పే మాటను ఎంతవరకు నమ్మాలి? ఆ పరీక్ష పెట్టడానికి రోజువారీ కొలతలు కావాలి. మీ డాబా మీది ఒక్క సీజన్ కూడా దానికి పనికొస్తుంది.

రెండో ఉపయోగం గుహల్లో ఉంది. విశాఖ నుంచి కిరండూల్ రైలు ఎక్కితే బొర్రా, అరకు దాటి జగదల్‌పూర్ చేరుతుంది. అక్కడి కాంగేర్ లోయలో దండక్ గుహ ఉంది. గుహ పైకప్పు నుంచి కారే నీటిలోని సున్నం పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఏ పొర ఏ కాలానిదో యురేనియం, థోరియం కొలిచి చెప్పవచ్చు. ఆ సున్నంలోని ఆక్సిజన్ అప్పటి వాన నీటి నుంచి వచ్చిందే. దండక్ గుహ రాతి నుంచి క్రీ.శ. 600 నుంచి 1500 వరకు రుతుపవనాల చరిత్రను 2007లో ప్రచురించారు. అందులో 14వ శతాబ్దంలో దశాబ్దాల పాటు వానలు బలహీనపడిన జాడ కనిపిస్తుంది. దక్కన్‌లో దుర్గాదేవి కరువుగా చెప్పుకునేది 1396లో మొదలైంది. మన కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహ రాయి అయితే ఇంకా వెనక్కి, మంచుయుగం ముగుస్తున్న కాలపు రుతుపవనాల గురించి చెబుతోంది.

ఇక్కడే తిరకాసు ఉంది. రాతిలో ఆక్సిజన్-18 తగ్గిందంటే ఆ కాలంలో వానలు ఎక్కువ పడ్డాయనా? లేక వానలు అంతే పడినా ఎక్కువ భాగం దూరం నుంచి కురుస్తూ వచ్చిందా? తుఫాన్లు పెరిగాయా? గుహలో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే సున్నంలో వచ్చే తేడా 0.2 పర్ మిల్ మాత్రమే, కాబట్టి దాన్ని పక్కన పెట్టవచ్చు. మిగతా ప్రశ్నలకు జవాబు ఇవాళ్టి వానలో దొరకాలి. ఇవాళ ఎలాంటి వాన ఎలాంటి విలువ ఇస్తోందో తెలియకుండా వెయ్యేళ్ల కిందటి రాతిని చదవడమంటే అక్షరాలు నేర్వకుండా శాసనం చదవబోవడమే. దండక్ గుహ ఉన్న బస్తర్ మీదకు వెళ్లే వాయుగుండాలు చాలావరకు బంగాళాఖాతంలోంచే లేస్తాయి. కాబట్టి మన తీరంలో పట్టిన నీళ్లు అక్కడి రాళ్లకు కూడా అక్షరాలు నేర్పుతాయి.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గరాటు తీసుకోండి. ఒక మిల్లీమీటరు వానకు అందులో 31 మిల్లీలీటర్ల నీరు దిగుతుంది. పది సెంటీమీటర్ల వాన పడితే మూడు లీటర్లు దాటుతుంది. అక్టోబరును దృష్టిలో పెట్టుకుని పది లీటర్ల డబ్బా పెట్టండి, చిన్నది పొంగిపోతే ఆ రోజు లెక్కకు రాదు. గరాటు కాడకు ఒక సన్నటి గొట్టం తగిలించి డబ్బా అడుగుదాకా దించండి. నీటిలో మునిగిన గొట్టం ద్వారా ఆవిరి బయటికి పోవడం బాగా తగ్గిపోతుంది. చెట్టు కొమ్మల కిందా, నీళ్ల ట్యాంకు పక్కనా పెట్టకండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు తీయండి. వాతావరణ శాఖ కూడా వాన లెక్కను ఆ వేళకే ముగిస్తుంది, అప్పుడు మీ లెక్కా వాళ్ల లెక్కా పోల్చుకోవచ్చు. ఎంత వాన పడిందో తప్పకుండా రాయండి. నెల సగటు కట్టేటప్పుడు రెండు మిల్లీమీటర్ల తుంపరకూ ఎనభై మిల్లీమీటర్ల కుండపోతకూ ఒకే తూకం వేస్తే ఆ సగటుకు అర్థం ఉండదు.

30 మిల్లీలీటర్ల గట్టి ప్లాస్టిక్ సీసాను గాలి బుడగ లేకుండా మూతదాకా నింపండి. లోపలి మూత, పై మూత రెండూ ఉన్నదే కొనండి, పైన టేపు చుట్టండి. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి రెండు సీజన్ల నమూనాలు ల్యాబ్‌లో వంతు కోసం ఎదురుచూస్తూ ఒక వేసవంతా రేకుల గదిలో ఉండిపోయాయి. మూతలు వదులై నీరు కొంచెం కొంచెం తగ్గింది. ఫలితాలు వచ్చాక అన్నీ అనుకున్నదానికంటే బరువుగా ఉన్నాయి. అదేదో కొత్త విషయం కనిపెట్టానన్న సంతోషంలో వారం రోజులున్నాను. తర్వాత హైడ్రోజన్ లెక్క చూస్తే అసలు సంగతి తెలిసింది.

ఆ హైడ్రోజన్ లెక్క మీరూ నేర్చుకోవాలి. 1961లో హార్మన్ క్రెయిగ్ చూపించినదాని ప్రకారం, ప్రపంచంలోని వాన నీటిలో బరువైన హైడ్రోజన్ విలువ సుమారుగా ఆక్సిజన్ విలువకు ఎనిమిది రెట్లు, దానికి పది కలిపినంత ఉంటుంది. కాబట్టి హైడ్రోజన్ విలువలోంచి ఆక్సిజన్ విలువకు ఎనిమిది రెట్లు తీసేస్తే పది దగ్గర మిగలాలి. దీన్ని డి-ఎక్సెస్ అంటారు. సీసాలో పదో వంతు నీరు ఆవిరైపోతే ఆక్సిజన్ విలువ ఒకటి నుంచి రెండు పర్ మిల్ పెరుగుతుంది. హైడ్రోజన్ మాత్రం ఎనిమిది రెట్లు పెరగదు, ఐదు రెట్ల దగ్గర ఆగుతుంది. అప్పుడు పది ఉండాల్సింది ఐదుకు పడిపోతుంది. చినుకు దారిలో ఎండినా ఇదే గుర్తు కనిపిస్తుంది. కాబట్టి తుంపర వానలో డి-ఎక్సెస్ తగ్గితే నమ్మవచ్చు. ఎనభై మిల్లీమీటర్ల వానలో తగ్గితే ముందు సీసా మూత చూడండి. ఇప్పటి లేజర్ పరికరాలు రెండింటినీ ఒకేసారి కొలుస్తాయి, ఆక్సిజన్‌లో 0.1 పర్ మిల్ దాకా తేడా పట్టిస్తాయి. ఆక్సిజన్ ఒక్కటే చాలని ఎవరన్నా ఒప్పుకోకండి.

ఫలితాలు చేతికి వచ్చాక ప్రతి వానకూ దాని దారి వెతకండి. గాలి ఏ దిక్కు నుంచి వచ్చిందో వెనక్కి లెక్కించే హైస్‌ప్లిట్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ చిత్రాలు ఆ రోజువి ఆ రోజే దాచుకోండి. మీరున్న ఊరు ఈ పనికి ఎంత అనువైనదో గమనించారా? తుఫాను హెచ్చరిక కేంద్రం ఇక్కడే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వెళ్లి అడగండి, మొహమాటపడకండి.

మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏడాదిలో తేలే పని కావాలంటే ఇంకో సలహా. ఒకే వానను విశాఖలో, శృంగవరపుకోటలో, అరకులో ముగ్గురు పట్టండి. అరకు సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైనే ఉంది. కొండ ఎక్కేకొద్దీ మబ్బు కురుస్తూ పోతుంది కాబట్టి ప్రతి వంద మీటర్లకూ సుమారు 0.2 నుంచి 0.3 పర్ మిల్ తగ్గడం ప్రపంచంలో చాలాచోట్ల చూశారు. మన కొండల్లో అది ఎంతో మీరు చెప్పవచ్చు. అది తెలిస్తే గోస్తనీ మీద తాటిపూడి జలాశయంలో నిలిచిన నీరు ఎంత ఎత్తున పడిన వానదో, అందులో ఎంత ఎండకు ఆవిరైందో కూడా లెక్క కట్టవచ్చు. బొర్రాలో కారే నీటిని పట్టాలనుకుంటే ముందుగా అనుమతి తీసుకోండి. రాతిని మాత్రం ముట్టుకోకండి, అక్కడ వేలెడు రాయి పెరగడానికి వందల ఏళ్లు, ఒక్కోసారి వేల ఏళ్లు పడుతుంది.

తొలకరి పడేలోపు గరాటు బిగించేయండి. ప్రతి వానకూ రెండు సీసాలు నింపండి. ఒకటి ల్యాబ్‌కు పంపండి. రెండోదాని మీద తేదీ, వాన కొలత పెన్సిల్‌తో రాసి, ఇంట్లో చల్లటి చీకటి అల్మరాలో తలకిందులుగా పెట్టండి. మూత వదులైతే అడుగున పెట్టిన కాగితం తడిసి మీకే తెలుస్తుంది. మొదటి అక్టోబరు లెక్కలు రాగానే నాకు పంపండి, కలిసి కూర్చుని చూద్దాం.